తప్పు స్వరం పలకని ఆట

మా ఆయన రిటైరైన మొదటి నెల టీవీతో గడిచింది. రెండో నెల ఆ టీవీ గురించి నాతో గొడవలతో గడిచింది. మూడో నెలలో మా అమ్మాయి ఆయన ఫోనులో ఒక ఆట పెట్టి ఇచ్చింది. అంతకుముందువి అసలు గొడవలే కావని నాకు ఆ తరవాత తెలిసొచ్చింది.

నేను పిల్లలకి సంగీతం చెబుతాను. గాజువాకలో మాది రెండు గదుల ఫ్లాటు. ముందు గదిలో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా చాప పరిచి, శ్రుతిపెట్టె ఆన్ చేసి, ఏడెనిమిది మంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి పాడిస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా పని. మాది గోదావరి వైపు. నాన్నగారికి పోర్టులో గుమాస్తా ఉద్యోగం రావడంతో నా ఆరో ఏట ఈ ఊరొచ్చేశాం. మా ఆయనది పద్మనాభం అనే ఊరి దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఊళ్ళోంచి బస్సెక్కి వచ్చి ఒక చిన్న ప్రైవేటు రోలింగు మిల్లులో చేరారు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య నలిగి కడ్డీగా సాగుతూ పోతుంటే దాని పక్కన నిలబడి చూసుకోవడం ఆయన ఉద్యోగం. మిల్లు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి నా పాఠాలు అయిపోయేవి. రిటైరయ్యాక ఆయన రోజంతా ఇంట్లోనే. టీవీ లోపలి గదిలో ఉన్నా ఆ వార్తలవాళ్ళ అరుపులు నా చాప మీదికే వచ్చేవి.

"ఏమండీ, కొంచెం సౌండు తగ్గించండి. పిల్లలున్నారు."

"ఆఁ?"

"సౌండు!"

"తగ్గించాను కదే. ఇంకేటి తగ్గించమంటావ్?"

మా అమ్మాయి మధురవాడలో ఒక కంప్యూటరు కంపెనీలో చేస్తుంది. ఆదివారం వచ్చి పోతుంటుంది. నా ఏడుపు వినలేక ఒక ఆదివారం వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఫోను తీసుకుంది. "నాన్నా, అమ్మ పాఠాలప్పుడు టీవీ కట్టేసి ఇది ఆడుకో. ఇది మామూలు ఆట కాదు. ఇందులో పాట ముందే ఉండదు. నువ్వు ఆడుతుంటేనే పాట పుడుతుంది" అని చెప్పింది. నాకేసి తిరిగి, "సంగీతమే కదమ్మా, నీకూ నచ్చుతుంది" అని కూడా అంది. సంగీతం అన్న మాట విని నేను తలూపాను. ఆ తలూపినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆట ఏమిటంటే, తెరమీద సముద్రం ఉంటుంది, సముద్రంలో ఒక చిన్న పడవ. దానంతటది ముందుకు పోతుంటుంది. వేలితో తాకితే గెంతుతుంది. గెంతినప్పుడల్లా ఒక స్వరం పలుకుతుంది. తెర పైభాగంలో తాకితే పై స్వరం, కింద తాకితే కింది స్వరం. అల మీద పడితే తాళం దెబ్బ. పలికిన స్వరాలన్నీ పోకుండా వెనక తిరుగుతూనే ఉంటాయి, వాటి మీద కొత్తవి చేరతాయి. కాసేపటికి నిజంగానే అదొక పాటలా తయారవుతుంది. రాయికి గుద్దుకుంటే పడవ మునిగిపోతుంది, అప్పటిదాకా కట్టిన పాటంతా పోతుంది. మళ్ళీ గుయ్యిమని ఒక్క శ్రుతితో మొదలు.

మొదటి రోజు ఆయన పావుగంట ఆడారు. రెండో రోజు గంట. వారం తిరిగేసరికి పొద్దున కాఫీతో మొదలెడితే పాఠాలయ్యేదాకా పడవ దిగేవారు కాదు. టీవీ పోయిందని నేను సంతోషించాలట. టీవీ వార్తలైతే నయం, వాటికి శ్రుతి లేదు. ఈ పడవకి శ్రుతి ఉంది. అది మా పిల్లల శ్రుతికి సగం మెట్టు పక్కన ఉంది. నా ముందు పిల్లలు సరళీ వరసలు పాడుతుంటే లోపల్నుంచి ఆ పక్క శ్రుతి వచ్చి చెవిలో దూరి ఒక్కొక్కర్నీ లాక్కుపోయేది. మూడేళ్ళుగా తిన్నగా షడ్జం పట్టుకుని కూర్చునే పిల్ల ఒకతి ఆ వారంలో జారిపోయింది. "ఎక్కడికి పోతున్నావమ్మా?" అన్నాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి లోపలి గదికేసి చూసింది. ఇంకొక పిల్లయితే ఇంటిదగ్గర సాధన చేసుకు రమ్మన్న పాఠం మానేసి ఆయన పడవ పాట వరసగా పాడి వినిపించింది. బాగా పాడింది కూడా.

ఇయర్‌ఫోన్లు తెచ్చి ఇచ్చాను. రెండు నిమిషాలు పెట్టుకుని తీసేశారు.

"సెవిలో ఏటో పురుగు దూరినట్టుంది. ఇనబడ్డం కూడా సరిగ్గా నేదు."

"చెవిలోనే పెట్టుకుంటే వినబడకపోవడం ఏమిటండీ?"

"నాకేటి తెల్సు? నువ్వు కొన్నవి సౌకరకం."

అదీ నా తప్పే.

నాకు శ్రుతి గొడవ కన్నా పెద్ద కడుపుమంట ఇంకొకటి ఉండేది. ఆ ఆటలో తప్పు స్వరం రాదు. తెరమీద ఎక్కడ పొడవండి, ఎంత తిక్కగా పొడవండి, పలికేవి ఆ ఐదు స్వరాలే. మోహన రాగానివి. అవి ఎలా కలిసినా వినసొంపుగానే ఉంటాయి. చంటిపిల్ల పాకుతూ పోయి తెరమీద పడినా మోహనమే. నేను మాయామాళవగౌళలో సరళీ వరసలు రెండేళ్ళు పాడాను. నిషాదం కాస్త కిందికి జారితే మా గురువుగారు కళ్ళు తెరవకుండానే బెత్తంతో నేల మీద కొట్టేవారు. ఆ చప్పుడుకి ఒళ్ళు జలదరించేది. అలా తప్పులు దిద్దుకుంటూ దిద్దుకుంటూ ఇంతదాన్నయ్యాను. మా ఆయన మూడు రోజుల్లో, తప్పు చేసే వీలు లేకుండా, విద్వాంసుడైపోయారు.

"నాను వాయిత్తన్నాను సూడు" అనేవారు ఫోను నా మొహం ముందు పెట్టి. "ఇదంతా నాను సేసిందే."

"మీరు వాయించడం ఏమిటండీ? అది వాయిస్తోంది. మీరు పొడుస్తున్నారు."

"పొడిత్తేనే కదే పలుకుతాది. నువ్వు నోరు తెరవకుండా నీ పాట వత్తాదేటి?"

ఆ మాట నాకు మరీ కోపం తెప్పించింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఈయన నా పాట ఒక్కటైనా కూర్చుని విన్నవారు కారు. ఒకసారి గుళ్ళో కచేరీ పెట్టించుకుంటే ముందు వరసలో కూర్చుని రెండో కీర్తనకల్లా నిద్రపోయారు. పక్కవాళ్ళు నవ్వారు. ఇంట్లో పాడుతుంటే మధ్యలో వచ్చి ఉల్లిపాయలున్నాయా అని అడిగేవారు. సరేలే, ఇనుము కాల్చుకునే మనిషికి సంగీతం ఏం పడుతుంది అని ఎప్పుడో మనసు రాయి చేసుకున్నాను. అలాంటి మనిషి ఇప్పుడు ఒక బొమ్మ పడవ పాట రోజుకి ఆరు గంటలు వింటుంటే నాకెలా ఉంటుంది?

అప్పుడు ఆ ఆటలో ఏడో మెట్టు వచ్చింది.

ఏడో మెట్టులో తెరమీదంతా పొగమంచు. రాళ్ళు కనబడవు. పడవ కూడా సగమే కనబడుతుంది. రాయి రాబోయే ముందు ఒక సన్నటి గంట టింగుమంటుంది. టింగుమన్నప్పుడు గెంతాలి. అంతే, ఇంకేం లేదు. ఒకటో తరగతి పిల్లకి చెప్పినా చేసేస్తుంది. మా ఆయన అక్కడ ఆగిపోయారు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, మూడు వారాలు.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే, అదే పాట ముక్క రోజుకి రెండొందల సార్లు విన్నాను. గుయ్యిమనే శ్రుతి, దాని మీద ఐదారు స్వరాలు, ఒక తాళం దెబ్బ, టింగు, బుడుంగు. మళ్ళీ గుయ్యి. నేను వంటింట్లో పోపు వేస్తుంటే వినబడేది. బట్టలు ఆరేస్తుంటే వినబడేది. ఆ టింగు ఎప్పుడొస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. ఉండబట్టలేక వంటింట్లోంచే అరిచేదాన్ని.

"ఇప్పుడు!"

బుడుంగు.

"నువ్వు అరవబట్టే పోయింది."

"నేను అరవకపోయినా పోతోంది కదండీ! కాస్త వినండి! విని గెంతండి!"

"ఇంటన్నాను కదేటి! ఇనకుండానే ఇన్ని మెట్లు ఎక్కీసేనేటి?"

వినరు. అదే నా బాధ. ఏది చెప్పినా వినరు. సగ్గుబియ్యం తెండి అంటే బియ్యం తెచ్చే మనిషి. పెళ్ళిలో మా మేనత్త పేరు అడిగి, చెప్పాక, ముప్పై ఏళ్ళుగా వేరే పేరుతో పిలిచే మనిషి. అమ్మాయికి ఫోను చేసి ఏడ్చాను. "పోనీలే అమ్మా, వదిలెయ్. మగాళ్ళు అంతే" అంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన స్నేహితుడొకాయన వచ్చారు. అదే మిల్లులో ఈయన పక్కనే పనిచేసిన మనిషి, రిటైరయ్యాక సొంతూరు ఎలమంచిలి వెళ్ళిపోయారు. నెలకొకసారి రైలెక్కి దువ్వాడలో దిగి మా ఇంటికి వస్తారు. ఈయన్ని బావ అంటారు కాబట్టి నన్ను చెల్లెమ్మా అంటారు. ఇద్దరూ కలిస్తే ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఏదో పెద్ద వాగు పారుతున్నట్టు కేకలేసుకుంటారు. కింద ఫ్లాటువాళ్ళు ఒకసారి తగవు పడుతున్నారేమోనని పైకొచ్చి చూశారు.

ఆ రోజు భోజనాలయ్యాక ఈయన తన పడవ చూపించారు. స్నేహితుడాయన కూడా పొడిచారు. బుడుంగు. మళ్ళీ పొడిచారు. బుడుంగు.

"ఇందులో ఏటో మోసం ఉంది బావా" అన్నారాయన. "రాయి ఉందని తెలిత్తే కదా గెంతడానికి. సేసినోడే తప్పుగా సేసేడు."

"నానూ అదే అంటన్నాను. మా ఇంటిది ఒప్పుకోదు."

ఇక నావల్ల కాలేదు. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళి ఆ ఫోను లాక్కున్నాను. అప్పటిదాకా నేను ఆ ఆట ముట్టలేదు. కుర్చీలో కూర్చుని పడవ నడిపాను. టింగు, గెంతాను. టింగు, గెంతాను. పదకొండు రాళ్ళు. పొగమంచు విడిపోయి తెరమీద సూర్యుడొచ్చాడు. వెనక కట్టిన పాటంతా ఒక్కసారి పెద్దగా మోగింది.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు.

"ఎలగ తెలిసింది నీకు రాళ్ళు ఎక్కడున్నాయో?" అన్నారు మా ఆయన.

"ఎలా తెలిసిందేమిటి? గంట మోగుతోంది కదా."

"గంటా? ఏ గంట?"

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. మూడు వారాల కోపం నెత్తికెక్కింది. ఏడో మెట్టు మళ్ళీ మొదలుపెట్టి ఫోను తీసుకెళ్ళి ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను. "ఇదిగో... ఇదిగో ఇప్పుడు! మోగిందా లేదా?"

ఆయన కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి, ఎంతో శ్రద్ధగా విన్నారు. "తాళం ఇనబడతంది. గుయ్యిమంటంది. గంట నేదే" అన్నారు. ఆ మొహంలో వేళాకోళం లేదు.

"ఇటివ్వు సెల్లెమ్మా" అని స్నేహితుడాయన తన చెవికి పెట్టుకున్నారు. ఆయనా కాసేపు విని, "గంటేటీ నేదు" అన్నారు. తరవాత ఇద్దరూ నాకేసి చూశారు, నాకేదో లేనిది వినబడుతోందన్నట్టు.

నేను దేవుడి గదిలోంచి చేతిగంట తెచ్చి వాయించాను. అది వినబడిందన్నారు, కాని కంచం మీద గరిటె పెట్టినట్టు ఉందన్నారు. బీరువాలోంచి మా అమ్మాయి చిన్నప్పటి పట్టీలు తెచ్చి వెనకాల నిలబడి ఆడించాను. ఇద్దరూ తిరగలేదు. స్నేహితుడాయన రైలుకి వెళ్ళిపోయాక మా ఆయన ఎదురుగా కూర్చున్నాను. అప్పుడడిగాను.

"నేను పాడితే మీకు ఎలా వినబడుతుంది?"

"ఎలగంటే... గోడకి అటేపు, పక్కింట్లో ఎవులో పాడతన్నట్టు. పాటని తెలుత్తాది. మాట తెల్దు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏమో. అందరికీ అలగే ఇనబడతాదనుకున్నాను."

నాకు ఆ క్షణంలో జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వేసింది కూడా, కాని తరవాత. ముందు వేసింది మాత్రం కోపమే. ముప్పై ఏళ్ళపాటు నేను పోగేసుకున్న అలకలన్నీ ఒక్క మాటతో పట్టుకుపోయాడు మనిషి. సగ్గుబియ్యం, ఉల్లిపాయలు, గుళ్ళో నిద్ర, మా మేనత్త పేరు, అన్నీ. ఇప్పుడు వాటిని ఎవరిమీద పెట్టుకోను?

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి నెల పట్టింది. మొదటిసారి బయలుదేరితే జలుబు చేసిందన్నారు. రెండోసారి స్నేహితుడాయనతో ఫోనులో మాట్లాడి, "సెవి మిషను పెట్టుకుంటే ముసిలోడివైపోతావంట" అని చెప్పులు విప్పేశారు. మూడోసారి అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. బస్సు సింధియా దగ్గర ఓడరేవు పక్కగా పోతుంటే ఆయన కిటికీలోంచి ఓడలు చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు చిన్నమ్మాయే, మా అమ్మాయి వయసే ఉంటుంది. ఆయన్ని అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. "సార్, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కండి. ఎంత చిన్నగా వినబడినా నొక్కండి." తలుపు వేసి ఇవతల తన మిషను దగ్గర కూర్చుంది. నేనూ అమ్మాయీ ఆమె వెనకాల నిలబడ్డాం.

ఆయన నొక్కడం మొదలుపెట్టారు. తలొంచుకుని, బొటనవేలితో, ఎంతో లయగా. నేను అలవాటు కొద్దీ తొడమీద తాళం వేసుకున్నాను. చక్కటి ఆదితాళం. డాక్టరమ్మ మిషను చూసింది, ఆయన్ని చూసింది, లేచి వెళ్ళి తలుపు తీసింది.

"సార్, నేనింకా ఏ శబ్దమూ పెట్టలేదు."

"ఆగకూడదు కదమ్మా" అన్నారు ఆయన చాలా మర్యాదగా. "ఆగితే పోద్ది."

మా అమ్మాయి నోరు మూసుకుని బయటికి పరిగెత్తింది. నవ్వు ఆపుకోలేక. నేను డాక్టరమ్మకి పడవ సంగతంతా చెప్పుకోవలసి వచ్చింది. ఆమె ఓపికపరురాలు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆయన సరిగ్గానే కూర్చున్నారు. మొదట్లో నొక్కారు. పోనుపోను నొక్కడం తగ్గింది. తరవాత చాలాసేపు ఆ బొటనవేలు కదల్లేదు. డాక్టరమ్మ చెయ్యి మాత్రం మిషను మీద కదులుతూనే ఉంది. అద్దం అవతల ఆయన బటన్‌కేసే చూస్తూ, ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నారు.

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా వచ్చి, కొండ అంచు నుంచి జారినట్టు కిందికి పడిపోయింది. రెండు చెవులకీ అంతే. ఎక్కువ కాలం పెద్ద చప్పుళ్ళలో పనిచేసినవాళ్ళకి ఇలా అవుతుందని చెప్పింది డాక్టరమ్మ. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. మనిషి మాట వినబడుతుంది గాని ఏ మాటో తెలియదట. పోయింది తిరిగి రాదు, మిషను పెట్టుకుంటే ఉన్నదానికి సాయం.

తిరుగు బస్సులో అడిగాను. "మిల్లులో చెవుల్లో పెట్టుకోడానికి ఏమీ ఇవ్వలేదా?"

"ఇచ్చేరు. మెళ్ళో తాడుకి ఏలాడేసుకునీవోల్లం."

"మెళ్ళో వేలాడేసుకోడానికా ఇచ్చింది?"

"అవి సెవుల్లో పెట్టుకుంటే పక్కోడి కేక ఇనబడదే" అన్నారు. "ఒక్కోపాలి కడ్డీ దారి తప్పి పాములాగ బయటికొచ్చేత్తాది, ఎర్రగా కాల్తా. నువ్వు అటు తిరిగుంటే సూడవు. పక్కోడు కేకెయ్యాల, నువ్వు గెంతాల. మా వోడి కేక రెండుసార్లు ఇనబట్టే నాను ఉన్నాను."

మా వోడంటే ఎలమంచిలి స్నేహితుడు. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, "సెప్తే నువ్వు బెంగెట్టుకుందువు" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఈ మనిషితో సుఖంగా కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఉండదు.

మిషను వచ్చింది. చెవి వెనకాల చింతగింజంత. నా కష్టాలు తీరాయనుకున్నారా? ఆసుపత్రి మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఆయన నిలబడిపోయారు. ఆటోలు, హారన్లు, జీళ్ళబండి గంట. "ఇదంతా రోజూ ఇలగే ఉంటాదేటి?" అన్నారు. ఇంటికొచ్చాక ఫ్యాను కిర్రుమంటోందని ఆపించారు. ఉక్కపోతలో కూర్చున్నాం. ప్లాస్టిక్ కవరు విప్పితే చెవులు మూసుకున్నారు. అప్పడం ఆయన నమిలితే ఆయనకే విసుగొచ్చింది. నా గాజులు తియ్యమన్నారు. తియ్యనన్నాను. అన్నిటికన్నా మించి, ఆ రోజు అన్నం వడ్డిస్తూ పచ్చడి కావాలా అని అడిగితే ఉలిక్కిపడి, "నువ్వు ఇంత గట్టిగా అరుత్తావేటే?" అన్నారు.

ముప్పై ఏళ్ళు ఈయనకి వినబడాలని అరిచి అరిచి అలవాటైపోయిన గొంతు ఇది. పచ్చడి గిన్నె బల్ల మీద కొట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ చప్పుడు కూడా ఎక్కువైందని లోపల్నుంచి వినబడింది.

పడవ ఆట మాత్రం మానేశారు. మిషను పెట్టుకుని రెండు రోజులు ఆడి, ఆ సన్నగంటలు చెవిలో సూదుల్లా గుచ్చుతున్నాయని తీసి పారేశారు. "ఇంత గోలగా ఉంటాదని తెల్దు" అన్నారు. మూడు నెలలు నేను ఏమని మొత్తుకున్నానో.

మానేసి ఏం చేశారు? నా పాఠంలో వచ్చి కూర్చున్నారు. గోడవారగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని. పిల్లలు ఇకిలించారు. కచేరీల్లో విద్వాంసుల ముందు పాడాను గాని ఎప్పుడూ అంత బెదరలేదు. ఆ రోజు కల్యాణిలో ఒక కీర్తన చెబుతున్నాను. ఆయన కదలకుండా విన్నారు. నిద్రపోలేదు. పిల్లలు వెళ్ళిపోయాక, నేను చాప చుడుతుంటే, కుర్చీలోంచి లేవకుండానే అన్నారు.

"నీ గొంతులో సన్నంగా జీర ఉందే. పైకెల్లినప్పుడు."

ఆ జీర వచ్చి పదేళ్ళయింది. నాకు తెలుసు. పై షడ్జం దగ్గర కాస్త గాలి కలిపి, తల పక్కకి తిప్పి, ఎవరికీ తెలియకుండా దాటించేస్తుంటాను. నాతో పాడే తోటివాళ్ళు కూడా కనిపెట్టలేదు. అలాంటిది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా పాట విన్న మనిషి, విన్న మొదటి రోజే, దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకున్నాడా? మొహం మీద చెప్పాడు.

ఆ పూట నేను మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా మాట్లాడలేదు. ఆయనకి కారణం అర్థం కాలేదు. కాఫీ తనే పెట్టుకుని, నాకో గ్లాసు తెచ్చి పక్కన పెట్టి నిలబడ్డారు.

"నానేటన్నాను? ఉందన్నాను. బాగోలేదన్నానేటి?"

"ఉందని చెప్పడం ఎందుకండీ?"

"ఇనబడింది కాబట్టి సెప్పేను" అన్నారు. "అది ఉంటేనే నువ్వని తెలుత్తాది. అది నేకపోతే రేడియోలాగ ఉంటాది."

కాఫీలో పంచదార ఎక్కువైంది. తాగాను.

తరవాతి నెలలో ఆయనకి కొత్త పని దొరికింది. ఎలమంచిలి స్నేహితుణ్ణి చెవి పరీక్షకి లాక్కురావడం. ఒకప్పుడు ఈయన నాకు చెప్పిన సాకులన్నీ ఆయన వరసగా ఈయనకి చెప్పారు. ఫోనులో ఈయన అరిస్తే ఆయనకి వినబడక, ఆయన అరిస్తే ఈయన మిషను కుయ్యిమని, ఆఖరికి ఫోను నా చేతికొచ్చేది. నేను మధ్యలో ఉత్తరాల బంట్రోతులా అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేశాను. చివరికి ఒక బుధవారం ఆయన దువ్వాడలో దిగారు. ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా ఒకాయన అరుస్తూ, ఇంకొకాయన "మెల్లగా మాటాడు బావా, అందరూ సూత్తన్నారు" అని నీతులు చెబుతూ. ఆ నీతులు చెప్పే మనిషి ఎవరో నేను రాయక్కర్లేదు.

అదే డాక్టరమ్మ. అదే అద్దం గది. స్నేహితుడాయన బటన్ పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. మొదట నాలుగైదుసార్లు నొక్కారు. తరవాత ఆగిపోయారు. చాలాసేపు అలాగే ఉండి, ఉన్నట్టుండి మళ్ళీ నొక్కడం మొదలుపెట్టారు, సరిగ్గా డాక్టరమ్మ మీట తిప్పిన ప్రతిసారీ. ఆమె ఆశ్చర్యపోయి కాగితం చూసుకుంది. నాకు అనుమానం వచ్చి పక్కకి చూశాను. మా ఆయన అద్దానికి దగ్గరగా జరిగి నిలబడి, ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి మనిషికి కనుబొమ్మలెగరేసి సైగ చేస్తున్నారు.

"మేడమ్" అంది డాక్టరమ్మ నాతో, విసుగు దాచుకోకుండా. "ఈయన్ని కాస్త బయట కూర్చోబెట్టండి."

రెక్క పట్టుకుని బయటికి తెచ్చాను. వరండాలో జనం చూస్తున్నారు. "ఇది పరీక్షండీ! కాపీ కొట్టించడమేమిటి? నిజం తెలియాలని కదా ఇంత దూరం తీసుకొచ్చారు?" అని పళ్ళు కొరుకుతూ అన్నాను.

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు.

"ఆడికి నాకన్నా అన్నేయంగా ఉందే" అన్నారు. "ఒక్కటీ ఇనబడ్డం నేదు ఆడికి."

ఆ మాట చాలా మెల్లగా అన్నారు. ఆయన గొంతు అంత మెల్లగా ఉండగలదని నాకు తెలియదు. నేను ఇంకా తిట్టాలనే ఉన్నాను, తిట్లు నోటిదాకా వచ్చి ఉన్నాయి. పక్కన కూర్చుని, సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి చేతికిచ్చాను. లోపల్నుంచి డాక్టరమ్మ స్నేహితుడాయనతో పెద్దగా, ఒక్కొక్క మాటా విడదీసి, మళ్ళీ మొదలుపెడదామని చెబుతోంది.